దేవునికి దారి

కర్పూరపు పరిమళం సోకినప్పుడెల్లా, నాయన నాందేడులో దుకాణం పెట్టగా మేము మా తెలుగువాళ్ళ ఊరు కుండల్‌వాడి విడిచిన నాటి బస్సు ప్రయాణం స్మృతికి వస్తుంది. నాయనమ్మ ఒడిలోని చెక్కపెట్టెలో మా ఇలవేలుపు కర్పూరం వాసన వేసే పట్టుగుడ్డలో ఒదిగి ఉన్నాడు. మరునాటి నుండి నాకు మరాఠీ బడి. ఆ కొత్త ఊళ్ళో ఇంటివాళ్ళు కాక నాకు తెలిసినవాడు ఆయనొక్కడే. దారి కానరాక ఆయనా నావలె బెదరునేమోనని మెల్లగా మూత తెరచి, ఆయన ముఖాన్ని కిటికీ వైపు త్రిప్పాను.

"ఏంది బిడ్డా గిది?" అన్నది నాయనమ్మ.

"దేవునికి తొవ్వ జూపిస్తున్న. ఆయనకు మరాఠీ వస్తదా నాయనమ్మా?"

ఆమె పకపక నవ్వింది. "నీకు నేర్పేటోడే ఆయన. మూత పెట్టు, దుమ్ము వడ్తది!"

మరాఠీ నాకు వచ్చింది. ఆపై తెలియని ఊళ్ళకు ఎన్నింటికో వెళ్ళాను. దారి ఎరిగినవాడు ఆయనే కనుక ఆ మూత తెరవవలెనని మాత్రం మరి తోచలేదు.