ఎండలో పెట్టిన సెల్లు

మా ఇల్లు బెజవాడ వన్ టౌన్‌లో. కింద చింతపండు గోడౌను, దాని మీద మేం, మా మీద డాబా గదిలో నాయనమ్మ. తుంటి ఎముకకి ఆపరేషనయ్యాక కిందికి రమ్మంటే, "గాలాడక చస్తానే" అని ఆ గది వదల్లేదు. బజారు రొదలో ఆవిడ పిలుపు మాకు వినపడేది కాదు. ఓసారి పిలిచి పిలిచి, తనే లేవబోయి గడప దగ్గర పడింది. ఇంకోసారి పడితే కష్టమండీ అన్నారు డాక్టరు గారు.

అప్పుడు నాది ఇంజనీరింగ్ మూడో ఏడు, వేసవి సెలవులు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఓ వైర్‌లెస్ బోర్డు కొని, మీట నాయనమ్మ మంచం పక్కన, గంట మా వంటింట్లో పెట్టాను. మీట నొక్కితే గంట మోగాలి. అడాప్టరు పెడితే బ్రహ్మాండంగా మోగింది. కానీ బెజవాడ వేసవిలో కరెంటుని నమ్ముకుంటే అయినట్టే! అందుకని గంటకో బ్యాటరీ తగిలించి, మీట ఉన్న బోర్డులో రెండు పెన్సిల్ సెల్లు వేశాను. నాలుగు రోజులు పనిచేసింది. ఐదో రోజు మధ్యాహ్నానికి చచ్చింది.

కొత్త సెల్లు వేస్తే బతికేది. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ చచ్చేది. మీటరు పెట్టి చూస్తే ఓల్టేజీ బాగానే ఉండేది. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. బోర్డే కరెంటు తాగేస్తోందని చిన్న ఎర్ర లైటు పీకేశాను, ప్రోగ్రాం మూడుసార్లు తిరగరాశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా ఆవిడ గదిలో నేల మీద కూర్చునే. కిటికీలోంచి పడ్డ ఎండ ముక్క గచ్చు మీద మెల్లగా జరుగుతూ ఉండేది. చింతపండు పుల్లటి వాసనలో టంకం పొగ కలిసిపోయేది. నాయనమ్మ తన చిన్నప్పుడు బందరు కాలవలో వెళ్లిన ధాన్యం పడవల గురించి చెప్పేది. తాళ్లు పట్టి గట్టెంట లాగేవాళ్లట, వంతెన కిందికి రాగానే అందరూ తలలొంచేవాళ్లట. నాకు కళ్లు మూతలు పడేవి. పడవ ఆవిడ మాటల్లో ఉందో నా కునుకులో ఉందో తెలిసేది కాదు. తెరచాప నీడ మీద పడ్డట్టయి లేస్తే, పైన ఫ్యాను తిరుగుతుండేది. హాయిగా ఉండేది, నిజం చెప్పొద్దూ.

ఓ మధ్యాహ్నం, ఎందుకు తోచిందో, మీటరు తీగలు తీయకుండానే మీట నొక్కాను. ముల్లు దబ్బున కిందికి పడిపోయింది. ఊరికే ఉన్నప్పుడు నిండుగా కనిపించిన సెల్లు, గంటకి కబురు పంపేసరికి చతికిలబడుతున్నాయి. అంటే తప్పు బోర్డుది కాదు. సెల్లు బయటికి తీశాను. వెచ్చగా ఉన్నాయి. రేకు వెలిసిపోయింది. నేను నిన్న వేసినవి కావు! ఒక్కోదాని నడుం మీద రెండేసి పళ్ల గాట్లు.

అయిపోయిన సెల్లు ఎండలో పెట్టి, పంటితో నొక్కి ఇంకో పూట వాడుకోవడం మా ఇళ్లలో ఎవరికి తెలియదు?

"ఇవెవరు కొరికారు?"

"ఎలకేమోనే."

నాయనమ్మ నోట్లో మిగిలినవి రెండే పళ్లు.

తలగడ పక్కనుండే ఆవిడ ట్రాన్సిస్టర్ రేడియో విప్పాను. నా కొత్త సెల్లు అందులో నిగనిగలాడుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. "నీకేమన్నా మతుండే చేస్తున్నావా? మళ్లీ పడితే?" అని అరిచాను. అరుస్తుంటే ఏడుపొచ్చింది.

ఆవిడ అరవలేదు. "అది పనిచేసిన నాలుగు రోజులూ ఒక్కళ్లన్నా పైకొచ్చి కూర్చున్నారుటే? గంట కొట్టలేదుగా, బానే ఉందిలే అనుకున్నారు. అన్నం పళ్లెం పెట్టి పోయారు. పాడయ్యాకేగా నువ్వొచ్చి కూర్చున్నావు" అంది.

ట్రాన్సిస్టర్‌కి వేరే సెల్లు కొనిచ్చాను. ఎండలో పెట్టినవి చెత్తలో వేశాను.

ఆ తర్వాత గంట ఒక్క రోజు కూడా ఆగలేదు. రోజుకి పదిసార్లు మోగేది. పరిగెత్తుకుంటూ మెట్లెక్కి, "ఏం కావాలి నాయనమ్మా?" అంటే, "ఏం లేదే, పనిచేస్తోందో లేదో చూశా" అనేది.

"అయితే సరిగ్గా చూడాల్సిందే" అని మీటరు పక్కన పెట్టి, నేల మీద కూర్చునేదాన్ని.