తలుపు మూయని పెద్దమ్మ

మూడో అంతస్తు పెద్దమ్మ తలుపు మూయదు. ఇంట్లో ఉన్నంతసేపూ జానెడు తెరిచే ఉంచుతుంది. పడుకునే ముందు మాత్రం మూస్తుంది, అదీ మనసొప్పక. తక్కిన వేళల్లో తలుపుకూ గుమ్మానికీ మధ్య పాతకాలపు నల్ల టెలిఫోను ఒకటి అడ్డంగా కూర్చుని ఉంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయేటప్పుడు ఆవిడ అడిగి మరీ తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. గాలిదుమారం వచ్చినా అంగుళం కదలదు.

భవనంలో తాళాలు మార్చిన రోజున మొదలైంది ఈ అలవాటు. అంతకుముందు ఆవిడ కూడా అందరిలాగే తలుపు మూసుకుని, చిలక్కొయ్యకు తాళంచెవి తగిలించుకుని ఉండేది. ఇరవై నాలుగు వాటాలకూ యజమాని అంకెల తాళాలు పెట్టించాడు. తలుపు మూస్తే దానంతట అదే తాళం పడుతుంది. బయటి నుంచి ఆరంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. రెండు నిమిషాలకు మించి తెరిచి ఉంటే, మూసేదాకా మేనేజరు ఫోను మాటిమాటికీ ఠింగుమంటుంది.

ఆ తాళాలు పెట్టిద్దామని యజమానికి నచ్చజెప్పింది మేనేజరే. అసలే కంగారు మనిషి. కుళాయి చుక్క పడినా గొట్టం పగిలిందేమోనని పరుగెత్తే రకం. ఈ తాళాలొస్తే కూర్చున్న చోటి నుంచే భవనమంతా కనిపిస్తుందనీ, ఎవరొచ్చిందీ ఎవరు వెళ్లిందీ రికార్డు చూస్తే చాలుననీ, ఇక కంటినిండా నిద్రపోవచ్చుననీ అనుకున్నాడు. మొదటిరోజే ఫోను నలభై ఒక్కసార్లు ఠింగుమంది. నలభై ఒక్కసార్లూ ఒకటే మాట: మూడు వందల రెండు, తలుపు తెరిచి ఉంది.

అన్నం తింటుంటే ఠింగు. క్షవరం చేయించుకుంటుంటే ఠింగు. క్షురకుడి కత్తి చెవి పక్కన ఉండగా ఉలిక్కిపడి కాస్తలో తప్పించుకున్నాడు. మూడో రోజున అతని భార్య కూర గిన్నె కింద పెట్టి, రోజంతా నీకు సందేశాలు పంపే ఆ మూడు వందల రెండు ఎవరని నెమ్మదిగా అడిగింది. డెబ్బై రెండేళ్ల పెద్దావిడని అతను చెప్పినా ఆమె రెండ్రోజులు నమ్మలేదు.

ఇదంతా భరించేవాడే. కానీ వారం వారం వెళ్లే నివేదికలో యజమాని కూడా ఆ సంగతి చూశాడు. ఒక్క తలుపు బార్లా తెరిచి ఉంటే తక్కిన ఇరవై మూడు తాళాలు పెట్టి ఏం లాభమని ఫోన్లో నిలదీశాడు. నెలాఖరులోగా ఆవిడ దారికి రాకపోతే అద్దె ఒప్పందం పొడిగించేది లేదన్నాడు. తాళాలు తెప్పించిన మనిషి సంగతి కూడా ఆలోచించాల్సి వస్తుందన్నాడు.

మేనేజరు మూడో అంతస్తుకు వెళ్లి, పెద్దమ్మగారూ, తలుపెందుకు మూయరని బతిమాలాడు. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, కరెంటు పోతే తాళం బిగుసుకుపోతుందట, లోపలే ఎండి వడియమైపోతానని చెప్పింది. ఇవి బ్యాటరీలతో నడుస్తాయి, కరెంటుతో సంబంధం లేదన్నాడు. బ్యాటరీలు అయిపోతేనో అంది. అతను లోపలికొచ్చి, తలుపు మూసి, బ్యాటరీలు నాలుగూ పీకి ఆవిడ అరచేతిలో పోశాడు. ఇప్పుడు లోపలి పిడి తిప్పమన్నాడు. తిప్పింది. తలుపు వచ్చేసింది.

ఆవిడ కళ్లింత చేసుకుని, భలే ఉంది నాయనా అని, టీ ఇచ్చి పంపింది. అతను హుషారుగా మెట్లు దిగుతూ మొదటి అంతస్తు మలుపు తిరిగాడో లేదో, ఠింగు.

మర్నాడు ఇంటర్నెట్టు వంతు. అది ఆగిపోతే తాళం తన నంబరు మర్చిపోతుందని ఎవరో చెప్పారట. అతను భవనం మొత్తానికీ ఇంటర్నెట్టు కట్టేసి, పదిమంది అద్దెవాళ్లతో తిట్లు తిని, ఆవిడ ముందు ఆరంకెలు నొక్కి తలుపు తెరిచి చూపించాడు. నంబర్లు తాళంలోనే ఉంటాయి, నెట్టు కేవలం కబురు మోయడానికన్నాడు. ఆవిడ ముచ్చటపడి రెండోసారి కూడా నొక్కించుకు చూసింది. టీ ఇచ్చింది. ఈసారి మలుపు దాకా కూడా వెళ్లనివ్వలేదు.

ఆ తర్వాత ఆవిడ అతన్ని బాల్కనీలోకి లాక్కెళ్లి, గొంతు తగ్గించి, తాళం మాటలు వింటోందని చెప్పింది.

“ముప్పై ఏళ్లు లైన్ల మీద కూర్చున్నదాన్ని నాయనా. వినే యంత్రం మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది.”

దానికి చెవుల్లేవు, కళ్లూ లేవు, ఏ నంబరుతో ఎన్నింటికి తెరిచారో రాసుకుంటుంది, అంతేనన్నాడు మేనేజరు. నొక్కిన వేలు ఎవరిదో తెలియదా అని ఆవిడ గుచ్చి గుచ్చి అడిగింది. తెలియదన్నాడు. ఆ జవాబు ఆవిడకు ఎందుకో చాలా నచ్చినట్టు కనిపించింది. ఆ రోజు టీతోపాటు రెండు బిస్కెట్లు కూడా పెట్టింది. తలుపు మాత్రం మూయలేదు.

యజమాని ఊళ్లో కూర్చుని ఫోన్లో మీట నొక్కితే తను ఖైదీ అయిపోతానన్నది ఆ తర్వాతి భయం. లోపలి పిడిని ఏ ఫోనూ ఆపలేదని దానికీ రుజువు చూపించాడు. ఒక్కో భయానికీ ఒక్కో పరీక్ష, ఒక్కో కప్పు టీ. అతను వెళ్లినప్పుడల్లా ఎదురు వాటా కుట్టు టీచరు అక్కడే ఉండేది. బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైన ఒంటరి మనిషి. గుమ్మానికెదురుగా కుర్చీలో కూర్చుని బొత్తాలు కుడుతూ, ఈ పరీక్షలన్నీ చూసి చిన్నగా నవ్వేది.

ఆ కుట్టు టీచరు తాళంతో మేనేజరుకు ఇంకో తలనొప్పి. రోజూ రికార్డులో మూడు వందల మూడుకు ఎదురుగా తప్పు నంబరు, తప్పు నంబరు, తప్పు నంబరు, ఆ వెంటనే సరైన నంబరు. మీటలు పాడయ్యాయేమోనని మెకానిక్కును రెండుసార్లు పిలిపించాడు. తాళం బంగారంలా ఉందన్నాడు మెకానిక్కు. వేళ్లు తడిగా ఉంటాయి కాబోలని మేనేజరు సరిపెట్టుకున్నాడు.

నెలాఖరు ఇంకా రెండ్రోజులుందనగా, ఒక ఉదయం తొమ్మిదిన్నర తర్వాత ఫోను మళ్లీ మోగలేదు. పది దాటింది. పదకొండయింది. ముందు అతనికి ప్రాణం లేచొచ్చింది. టీ చల్లారేలోపు తాగగలిగాడు. తర్వాత కుర్చీలో కదలడం మొదలుపెట్టాడు. రికార్డు తెరిచి చూశాడు. మూడు వందల రెండు తొమ్మిదీ నలభైకి మూసుకుంది. ఆ తర్వాత తెరుచుకోలేదు.

ఆవిడ బయటికెళ్లి మూసిందో, లోపలుండే మూసిందో ఆ రికార్డు చెప్పదు. ఆవిడ స్నానాల గదిలో జారిపడిందేమోనన్న ఆలోచన రాగానే అతను లేచి పరుగెత్తాడు. లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ ఎక్కేశాడు. తలుపు కొట్టాడు. పేరుపెట్టి పిలిచాడు. జవాబు లేదు. ఇలాంటి ఆపదకోసమే అతని దగ్గర అన్ని తలుపులకూ పనికొచ్చే నంబరొకటి ఉంది. అతనే పెట్టుకున్న నంబరు. గబగబా నొక్కాడు. తప్పు. మళ్లీ నొక్కాడు. తప్పు. ఎంత గింజుకున్నా నాలుగో అంకె గుర్తుకు రాలేదు.

అప్పుడు లిఫ్టు తెరుచుకుంది. పెద్దమ్మా, ఆవిడ చెయ్యి పట్టుకుని కుట్టు టీచరూ బయటికొచ్చారు. పెద్దమ్మ మొహం ఎండకు కందిపోయి ఉంది. చెప్పుల నిండా దుమ్ము.

కుట్టు టీచరు తన తలుపు ముందు నిలబడింది. చూపుడువేలు మీటల దగ్గరికి తీసుకెళ్లి, గాలిలోనే ఆపేసింది. వేలు అటూ ఇటూ వెతుక్కుంది. పెద్దమ్మ ఏదో దారం రంగు గురించి మాట్లాడుతూనే, ఆయాసానికి గోడ ఆనుకున్నట్టుగా చెయ్యి చాచి, అటు చూడకుండానే ఆరంకెలూ నొక్కేసింది. తలుపు తెరుచుకుంది. నువ్వు టీ నీళ్లు పెట్టు, ఇదిగో వస్తున్నానని ఆవిణ్ని లోపలికి పంపింది.

మేనేజరు పెద్దమ్మ వైపు తిరిగాడు.

“ఎన్నాళ్ల నుంచి పెద్దమ్మగారూ?”

“తాళాలు మార్చినప్పటి నుంచి. పాత తాళంచెవి ఆవిడ చేతికి గుర్తుండేది నాయనా. ఈ అంకెలు తల గుర్తుపెట్టుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కు.”

ఐదుసార్లు తప్పు నొక్కితే ఆ తాళం అంతస్తంతా వినపడేలా అరుస్తుంది. తాళాలు పెట్టిన మొదటిరోజు ఉదయమే అలా అరిచిందట. పక్క వాటాలవాళ్లు బయటికొచ్చి చూస్తుంటే కుట్టు టీచరు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిందట. ఆ పూట నుంచి పెద్దమ్మ తలుపు మూయలేదు. ఎదుటి గుమ్మంలో ఆవిడ తడబడటం కనిపించగానే ఏదో వంకతో వెళ్లి నొక్కడమో, వేళ కాని వేళైతే కబుర్లకు పిలిచి కూర్చోబెట్టడమో చేసేది. తన నంబరు కాగితం కుట్టు టీచరే జాగ్రత్త పెట్టమని పెద్దమ్మకు ఇచ్చింది. ఈ ఉదయం దారపుండ కోసమని దిగిన కుట్టు టీచరు పావుగంటలో రాకపోయేసరికి, పెద్దమ్మ గుమ్మంలోని టెలిఫోను పక్కకు తన్ని, మూడు వీధులు తిరిగి, బస్‌స్టాపు బల్ల మీద దొరకబుచ్చుకుంది.

అయితే కరెంటు పోతే ఎండిపోవడం, తాళం మాటలు వినడం, అవన్నీ ఏమిటని మేనేజరు అడిగాడు.

“ఎక్స్ఛేంజీలో బ్యాటరీల గది నా చేతి కిందే ఉండేది. లోపలి పిడికి బ్యాటరీతో పనిలేదని నాకు తెలీదా? నువ్వొచ్చి ఎందుకు మూయవని అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా. అద్దెవాళ్లు ఏమేం భయపడతారో ఫోన్లో చదివి రోజుకొకటి అప్పజెప్పాను. పాపం, నువ్వు ఒక్కోదానికీ అంత కష్టపడుతుంటే టీ అయినా ఇవ్వకపోతే ఎలా?”

మేనేజరు తను పీకిన బ్యాటరీలూ, కట్టేసిన ఇంటర్నెట్టూ తలుచుకుని చెవులదాకా ఎర్రబడ్డాడు. తనకు ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. ఆవిడ గొంతు తగ్గింది. కుట్టు టీచరుకు ఉన్నది ఒక్క తమ్ముడు. అక్కకు మరుపొస్తోందని తెలిస్తే ఆ క్షణమే వాటా ఖాళీ చేయించి తీసుకెళ్తాడు. ఆవిడకు ఈ గుమ్మం, ఈ కిటికీ, కుట్టుమిషను తప్ప వేరే లోకం లేదు. డాక్టరుకు పెద్దమ్మే చూపించింది. కాస్త తోడుంటే ఇక్కడే ఉండొచ్చని ఆయన రాసిచ్చాడు కూడా.

“బస్‌స్టాపు దాకా వెళ్లిందంటే ఇక దాచకూడదండీ,” అన్నాడు మేనేజరు. “తమ్ముడికి చెప్పాల్సిందే. కానీ ఆ డాక్టరు కాగితం కూడా చేతిలో పెట్టుకుని చెబుదాం.”

పెద్దమ్మ సరేనంది.

అతను పరుగున వెళ్లి ఆఫీసు సొరుగు తిరగేశాడు. తాళాలతోపాటు వచ్చిన గుండ్రటి బిళ్లలు సంచి నిండా ఉన్నాయి. తాళానికి ఆనిస్తే చాలు, అంకెలతో పనిలేదు. జనం పారేసుకుంటారని యజమాని పంచొద్దన్నాడు. మేనేజరు జన్మలో మొదటిసారి యజమానిని అడక్కుండా ఒక పని చేశాడు. బిళ్లను కుట్టు టీచరు తనే మెడలో వేసుకునే దారానికి కుట్టుకుంది. తమ్ముడు వచ్చి, రెండ్రోజులుండి, కాగితం చదివి, కొంత అలిగి, నెలకోసారి వచ్చిపోతానని ఒప్పుకుని వెళ్లాడు. మూడు వందల రెండు ఇక తెరిచి ఉండటం లేదని నివేదిక చూసిన యజమాని, ఆవిడకు తాళాల మీద భయం పోగొట్టినందుకు మేనేజరును మెచ్చుకుని ఒప్పందం పొడిగించాడు.

వారం తర్వాత ఎలా ఉందో చూద్దామని మేనేజరు పైకి వెళ్లాడు. కుట్టు టీచరు తన తలుపు తనే తెరిచి, పెద్దమ్మనూ అతన్నీ లోపలికి పిలిచింది. పెద్దమ్మ వంటింట్లో కప్పులు కడుగుతుండగా, కుట్టు టీచరు కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది.

“ఆవిణ్ని ఇక తలుపు సంగతి అడిగి విసిగించకు బాబూ. పైకి ధైర్యంగా కనిపిస్తుంది గానీ, ఈ తాళాలంటే ఆవిడకు చచ్చేంత భయం. ఒక్కతే తలుపు మూసుకుని ఉండలేకపోయేది. నా పనులన్నీ మానుకుని రోజూ వెళ్లి నేను తోడు కూర్చున్నది అందుకే.”

మేనేజరు నోరు తెరిచేలోపు పెద్దమ్మ కప్పులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నిజమే నాయనా,” అంది. “ఆవిడే లేకపోతే నా గతేమయ్యేదో.”

కుట్టు టీచరు తృప్తిగా తల ఊపి, పెద్దమ్మకు కూర్చోవడానికి చోటిచ్చింది.