ఉన్ని కత్తిరించిన ల్యాప్‌టాప్

డిగ్రీ పూర్తయి మర్రిగూడలో మా ఇంట్లో ఉన్న రోజులవి. మధ్యాహ్నం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనగా, పొద్దున కొత్త ల్యాప్‌టాప్ తెరిచాను. నేనడగని ఆటలు, ప్రకటనలు అందులో ముందే తిష్ఠ వేసి ఉన్నాయి. కసిగా అన్నీ తీసేసి రీస్టార్ట్ నొక్కితే తెర నల్లబడింది. ఎంతకీ వెలగదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గొర్రెలు కాసే మా బాపు తొంగిచూసి, అక్కర్లేనివన్నీ తీసేశానని నేను చెప్పగానే, “ఉన్ని కత్తిరిచ్చినంక గొర్రె గూడ జరసేపు గిట్లనే పండుకుంటది బిడ్డా. కదిలియ్యకు, అదే లేస్తది” అన్నాడు.

చేతులు కట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి తెర వెలిగింది. ఏది నొక్కినా చటుక్కున తెరుచుకుంటోంది. “సూడు, ఎట్ల ఉరుకుతాందో!” అని బాపు చప్పట్లు కొట్టాడు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో కంప్యూటర్ ఆగినా నేను నిమ్మళంగా కూర్చుంటే, అందరూ నన్ను నిపుణురాలనుకుంటారు. నా గురువు గొర్రెల కాపరని ఇవాళే బయటపెడుతున్నాను.