ఒకే పేరుతో నలభై జాతకాలు

అక్క జాతకం అనుకుని మరెవరిదో పట్టుకుని పెళ్ళికొడుకు తండ్రి విరుదునగర్‌లో జోస్యుడి దగ్గరికి బయలుదేరాడు. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఉదయం తొమ్మిదయింది. తప్పు నాదే.

అప్పట్లో నేను తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష కొత్తగా నేర్చుకున్న పొగరు తలకెక్కి, అక్కడి మన తెలుగు కుటుంబాల పెళ్ళి సంబంధాల కోసం ఒక వెబ్‌సైటు తయారుచేశాను. ఆడపిల్ల పేరు నలుగురి కంటా పడకూడదని మావాళ్ళ పట్టింపు. అందుకని పేరూ పుట్టిన తేదీ కప్పేసి, జాతకంలోని గళ్ళు మాత్రమే స్కాన్ చేయించేవారు. పక్క స్టూడియో ఆయన అన్నిటికీ ‘జాతకం’ అనే పేరే పెట్టి ఫ్లాపీలో ఇచ్చేవాడు. నా ప్రోగ్రాం వచ్చిన ఫైలును వచ్చిన పేరుతోనే సర్వర్లో దాచేది. కొత్తది రాగానే పాతది చెరిగిపోయేది. ఒక్క హెచ్చరికైనా ఉంటేనా!

ఆ ఉదయం ఫోల్డరు తెరిచాను. నలభైమంది అమ్మాయిల పేజీలకు ఉన్నది ఒకే ఒక్క ఫైలు. కొంప మునిగింది అనుకున్నాను. కడంబూరు సంబంధంవాళ్ళు అక్క పేజీ నుంచి ముందురోజే జాతకం ప్రింటు తీసుకెళ్ళారు, తెల్లారి విరుదునగర్ జోస్యుడికి చూపిస్తామని చెప్పి. పెళ్ళికొడుకు తండ్రి దగ్గర సెల్‌ఫోన్ లేదు. అక్క ఏమో, “ఈ సంబంధం తప్పితే నాకింక ఎవురినీ చూడొద్దే” అని తేల్చి చెప్పింది.

ఇంటికి పరిగెత్తి, బీరువాలోంచి అసలు జాతకం తీసుకుని బస్సెక్కాను. సాత్తూరులో డ్రైవరు టీకి దిగాడు. ఆయన ఊదుకుంటూ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

నేను వెళ్ళేసరికి జోస్యుడు నవ్వుతున్నాడు. పదిలో తొమ్మిది పొంతనలు కుదిరాయట, ఇలాంటి జాతకం దొరకడం అదృష్టమట. నోరు మూసుకుంటే సరిపోయేది. నా చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది.

పెళ్ళికొడుకు తండ్రి బయటికి రాగానే వరండాలో నిలబెట్టి అంతా చెప్పేశాను. “మామా, అది అక్కది కాదు. ఇదీ అసలుది. నేను రాసిన ప్రోగ్రాం తప్పు.”

ఆయన నా చేతిలోని కాగితం అందుకుని విప్పి చూశాడు.

“ఇంక ఎవురికన్నా తెలుసునా పాపా?”

“లేదు మామా.”

“నా కొడుకు మీ అక్కే కావాలని ఒంటికాలి మీద నిలిచుండాడు. ఒకతూరి చూపిస్తిమి, చాలు.” కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “నువ్వు పోయి ఆ తప్పు సరిచెయ్యి పో.”

సాయంత్రానికల్లా సరిచేశాను. ప్రతి ఫైలు పేరుకూ అది సర్వర్లోకి ఎక్కిన క్షణపు సమయం జతపడేలా మార్చాను. ఒక్క లైను. జాతకాలు మళ్ళీ తెమ్మని అందరికీ కబురు పెట్టాను.

అక్క కడంబూరులో కాపురం చేసుకుంటోంది. ఈ సంగతి తనకు ఇప్పటికీ తెలియదు. ఆ తొమ్మిది పొంతనల జాతకం ఏ అమ్మాయిదో, ఆఖరున ఎక్కించింది ఎవరో వెతికితే అయిదు నిమిషాల్లో తెలిసేది. నేను వెతకలేదు.