కప్పు ఆట అయ్యేదాకా

ఆసుపత్రి శిక్షణ కోసం సౌదీలోని తబూక్ నుంచి జెద్దా వెళ్లాను. విమానాశ్రయంలో నేనెక్కిన టాక్సీ నడిపేది ఒక సౌదీ పెద్దాయన. ఉన్నట్టుండి ఆయన పెద్ద రోడ్డు వదిలి, ఖాళీ స్థలం పక్కన బండి ఆపేశాడు.

"దకీకా, మేడమ్. ఒక్క నిమిషం," అన్నాడు.

మా ఆయనకు ఫోన్ చేశాను. "బండి నంబరు పంపు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు," అన్నారు.

పెద్దాయన ఒక ఫోన్‌లో రగ్బీ ఆట చూస్తూ, ఇంకో ఫోన్‌లో ఆ ఆట సంగతులు ఎవరికో ఇంగ్లిషులో చెబుతున్నాడు. ఎవరికని నిలదీశాను.

"ఇంగ్లండులో చదువుకునేటప్పుడు నాకు గది ఇచ్చి అన్నం పెట్టిన అమ్మ. ఇప్పుడు ఆమెకు చూపు లేదు. వాళ్ల ఊరి జట్టు కప్పు కోసం ఆడుతోంది. ఓడితే ఈ ఏటికి ఇంటికే."

నాకు నమ్మబుద్ధి కాలేదు. "ఆవిడతో నేను మాట్లాడాలి," అన్నాను. స్పీకర్ పెట్టి ఫోన్ ఇచ్చాడు.

నా గొంతు వినగానే ఆవిడ ఆయన మీద విరుచుకుపడింది. "బండిలో ఆడపిల్లను పెట్టుకుని ఆటేమిట్రా? ముందు ఆమెను దింపు!"

ఆయన సిగ్గుపడుతూ తాళం తిప్పాడు. ఆటలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి.

"ఆగండి," అన్నాను. "అయ్యాకే వెళదాం."

చివర్లో అవతలి జట్టు గెలిచింది. ఆయన స్టీరింగు మీద తల వాల్చేశాడు. ఆవిడ "ఏమైంది? ఏమైంది?" అంటోంది. నేనే చెప్పాను.

"ఓడిపోయారమ్మా."

ఆవిడ మెల్లగా అడిగింది.

"వాడు ఏడుస్తున్నాడా?"