బొల్లి అన్న మాట

బొల్లి అంటే మొదట నాకు తెలిసింది రంగే, రోగం కాదు. నొసటి మీద తెల్లమచ్చ ఉన్న మేకను మా నాన్న బొల్లిమేక అనేవాడు. బొల్లావు, బొల్లిదూడ, అన్నీ ముద్దుగా పిలిచే పిలుపులే. గొడ్లను గుర్తుపట్టడానికే ఈ మాట పుట్టిందని అనుకుంటాను. నేను చదివింది అయిదో తరగతి. తప్పయితే పెద్దవాళ్ళు దిద్దండి.

మనుషుల మీదకి వచ్చేసరికి అదే మాట తిట్టయింది. నా కుడిచేతి వేళ్ళు తెల్లబడ్డాక ఆ సంగతి తెలిసింది. అది అంటుకునేది కాదని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. మా బజారువాళ్ళకీ తెలుసు. అయినా నా ముందు తెల్లమచ్చలంటారు, నేను పక్కకి తిరగ్గానే బొల్లిది అంటారు. మిరపకోతలో సాయంత్రం దాకా నా పక్క సాలే కోస్తారు. నేను నీళ్ళు ముంచిస్తే మాత్రం ఎండలో కూడా దప్పిక లేదంటారు. ఇదీ వాళ్ళ మర్యాద.

పోయిన ఏడాది రొంపిచెర్లలో, అత్తగారింట్లోనే, మా అమ్మాయికి శ్రీమంతం చేశారు. తొలిచూలు. నా చేత్తో తొడగాలని పచ్చగాజులు ఏరి ఏరి కొన్నాను. పళ్ళెం పట్టుకుని లేచేసరికి వియ్యపురాలు అడ్డమొచ్చింది.

"వదినా, నువ్వు కూర్చో. మీ చెల్లెలు తొడుగుద్దిలే."

"తల్లిని నేనుండగా అదెందుకు?"

"కడుపుతో ఉంది గదా. నీ చెయ్యి తగిలి బిడ్డకేమన్నా వస్తేనో?"

పట్టుచీరల పేరంటాళ్ళందరూ తలలాడించారు. ఒకామె దూరం నుంచే "ఏమనుకోమాకమ్మా" అంది. అంతకు ముందు ఆ ఇంట్లో వాళ్ళే బొల్లావును కొని తెచ్చి, నొసటి మచ్చకి పసుపు కుంకుమ పెట్టి, లక్ష్మి వచ్చిందని వాడంతా చెప్పుకున్నారు.

"ఏం వదినా, రోజూ బొల్లావు పాలు గ్లాసుడు పోస్తన్నావుగా నా కూతురికి. ఆ పాలతో రానిది నా చేత్తో వచ్చుద్దా?"

"అది గొడ్డు. గొడ్డుకీ మనిషికీ పోలికేంది?"

"అవున్లే, గొడ్డే నయం. నన్ను చూసి ఎప్పుడూ మొహం తిప్పుకోలా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి వద్దంటే ఇక నేను చేసేదేమీ లేదు. తను ఆ ఇంట్లోనే బతకాలి. ఒకసారి అత్త వైపు చూసి, రెండు చేతులూ నా ముందు చాపింది.

"తొందరగా తొడుగమ్మా. నడుం పీకుతంది."

తొడిగాను. వియ్యపురాలు "ఆ, వస్తన్నా" అంటూ వంటింట్లోకి పోయింది. ఆమెను ఎవరూ పిలవలేదు.