అనంతగిరి దారిలో మేనమామ

మా అక్కకు క్షయ అని తేల్చిన పట్నం డాక్టరు మందు రాయడానికి ముందు గోడమీది క్యాలెండరు చూపించాడు. అందులో మంచుకొండలు, పచ్చిక, మెడలో గంట కట్టిన ఒక ఆవు, కొండ ఒడిలో ఎర్రపెంకుల ఇళ్ళున్న చిన్న ఊరు. "ఇట్లాంటి గాలి కావాలె," అన్నాడు. మాకు అందుబాటులో ఉన్న కొండలు అనంతగిరి గుట్టలు. మంచు లేదు గానీ ఆవులున్నాయి, క్షయ దవాఖాన ఉంది. అక్కడ మంచం ఖాళీ అయిందన్న కబురు నాలుగు నెలలకు వచ్చింది. పది రోజుల్లో రాకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు. ఆ పది రోజుల్లోనే యూనియన్ సైన్యం రావడం, సర్కారు లొంగిపోవడం అన్నీ జరిగిపోయాయి.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. కాస్త భూమి ఉన్న ఇల్లు కాబట్టి ఆ రెండేళ్ళూ అందరూ మా ఇంటికే వచ్చారు. సంఘంవాళ్ళు వచ్చి బాపును కొట్టి గాదె తెరిపించారు. సంఘానికి ధాన్యం పెట్టినందుకు సర్కారు వైపున్న ముసల్మానుల ఖాకీ దళంవాళ్ళు వచ్చి కొట్టి గడ్డివాము కాల్చారు. బాపు ఎడమ చెయ్యి మొదటివాళ్ళు విరిచింది, కుడి మోకాలు రెండోవాళ్ళది. "ఇద్దరు గూడ నన్ను ఒక్కతీర్గనే జూసిండ్రు," అనేవాడు, మెచ్చుకుంటున్నట్టే.

మాకొక పాత కారు ఉండేది. పెట్రోలు దొరకని కాలం కనుక దాని వెనక బొగ్గుపొయ్యి బిగించారు. బొగ్గు రాజేసి, పక్కనున్న పంకా పిడిని పది నిమిషాలు తిప్పితే, పుట్టిన గ్యాసుతో బండి కదిలేది. దారి చదునుగా ఉన్నంతసేపు దానికి మంచి పేరే. పిడి తిప్పడం నా పని. కాలేజీ మూతపడ్డాక నా బి.ఏ.కు దొరికిన మొదటి ఉద్యోగం అది. నడిపేది డ్రైవరు చాచా. పదిహేనేళ్ళుగా మా బండి నడుపుతున్న ముసల్మాను. మా ఊళ్ళోనే పుట్టాడు, ఆయన తెలుగు మా ఇంట్లో అందరి తెలుగుకన్నా చిక్కన.

పడమటి పల్లెల్లో ఖాకీ దళానికి బాకీ తీరుస్తున్నారని, ఖాకీ తొడగని ముసల్మానులకు కూడా తీరుస్తున్నారని అప్పటికే విన్నాం. బాపు చాచాను పోవద్దన్నాడు.

"నేను గాకుంటె దీన్ని గుట్ట ఎవడెక్కిస్తడు పటేలా? ఈనెనా?" అని చాచా నన్ను చూపించాడు. బాపు నన్ను చూసి తాళంచెవి చాచాకే ఇచ్చాడు.

చాచా గడ్డం గీసుకున్నాడు. పంచె కట్టాడు, తలకు రుమాలు చుట్టాడు. అక్క ఆయన నొసట కుంకుమ బొట్టు పెట్టింది. నమాజు చేసి చేసి నొసట కాయ కాసిన నల్లమచ్చ ఉండేది ఆయనకు. అది కప్పబడిపోయేట్టు రెండోసారి అద్దింది.

"ఇయ్యాల నన్ను చాచా అనకు బిడ్డా."

"మరి ఏమనాలె?" అంది అక్క.

"మామా అను. నోరు జారితె నా తలకాయ పోతది, యాది పెట్టుకో."

చాచా వేషం మీదే అందరి కళ్ళూ ఉన్నాయి. నన్నెవరూ చూడలేదు. చూసినా ఎవరికీ ఏమీ తోచేది కాదు. మా ఇంట్లో మగవాడు పట్నం దాటి పోతే షేర్వాణీ తొడిగి, కుచ్చున్న ఎర్ర రూమీ టోపీ పెట్టుకోవడం తాతలనాటి పద్ధతి. కచ్చేరీలో కుర్చీ దొరకాలంటే అది ఉండాలి. దానికి మతంతో పనిలేదు, అది మర్యాద. రాజ్యం మారిందని నేను పేపర్లో చదివాను. నా నెత్తికి ఆ సంగతి చెప్పడం మరిచిపోయాను.

తుర్కయాంజాల్ మీదుగా పట్నం చేరాం. పట్నం అమాయకంగా ఉంది. చేవెళ్ళ దాటాక దారి మాట్లాడడం మొదలుపెట్టింది. కప్పులేని ఇళ్ళు, మసిబారిన మొండిగోడలు. ఒక ఊరి బావి చుట్టూ జనం మూగారు, నీళ్ళు తోడడానికి కాదు. ముక్కులు మూసుకుని లోపలికి చూస్తున్నారు. మరికొంత దూరం పోయాక రోడ్డు పక్క కాలువలో ఒక చెప్పు, దాని వెంట ఒక కాలు. చాచా రోడ్డు మధ్యనే చూస్తూ నడిపాడు. అక్క కళ్ళు మూసుకుని దగ్గింది.

ఒక కల్లుపాక దగ్గర చిన్న ఎత్తు వచ్చి బండి ఆగిపోయింది. నేను దిగి పిడి తిప్పుతుంటే నెత్తిన ఏదో గట్టిగా తగిలింది. పిడి ఎదురు తన్నిందేమో అనుకున్నాను. రెండో దెబ్బ వీపున పడ్డాక పిడి మీద అనుమానం పోయింది. చుట్టూ ఇరవై మంది, చేతుల్లో కర్రలు, కొడవళ్ళు.

"టోపోడు దొరికిండ్రా."

"బొగ్గుల బండ్ల పారిపోతున్నడు బిడ్డ."

నేను మీవాణ్ణే అని చెప్పబోయాను. పద్నాలుగేళ్ళు ఉర్దూలో చదువుకున్న మనిషికి భయం కూడా ఆ భాషలోనే వస్తుంది. "భాయ్, మేరీ బాత్ సునో" అన్నాను. దాంతో మూడో దెబ్బ పడి ముక్కు పగిలింది. టోపీని పాకముందు మండుతున్న మంటలో వేశారు.

"ఎందుకురా లొల్లి? లాగు ఇప్పి సూస్తె తెల్వదా?" అన్నాడొకడు. ఇంకొకడు నా పైజామా బొందు పట్టుకున్నాడు.

చూస్తే నేను బతుకుతాను. కానీ చూడడం మొదలుపెట్టినవాళ్ళు ఒక్కరితో ఆపరు. తర్వాతి వంతు స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషిది. ఆ సంగతి నాకు తెలిసింది, అక్కకు తెలిసింది, చాచాకు అందరికంటే ముందే తెలిసింది.

ఆయన బండి దిగి, గుంపును తోసుకుంటూ వచ్చి, నా చెంప పగలగొట్టాడు.

"వద్దన్ననా లేదారా గాడిదికొడకా? టోపీ పెట్టకురా అని మీ అవ్వ మొత్తుకున్నది. సదువుకున్నోడట. టోపీ లేకుంటె ఇజ్జత్ పోతదట." రెండో చెంప కూడా అయింది. "అక్కకు పానం మీదికొస్తె నువ్వు నవాబ్ ఏషం ఏస్కోని ఊరేగుతున్నవా?"

అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. "సాలు మామా, వాన్ని సంపుతవా ఏంది?" అని దగ్గింది. కొంగున నెత్తురు చూసి ముందున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.

"మేనమామనా?" అని అడిగాడు కర్రవాడు.

"ఇంకెవడు కొడ్తడు గిట్ల?" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. మా వైపు ఎదిగిన మగపిల్లవాణ్ణి నడిరోడ్డు మీద కొట్టే హక్కు మేనమామకే ఉంటుంది. కన్న తండ్రి కూడా ఆలోచిస్తాడు. ఇక డ్రైవరు పటేలు కొడుకును కొట్టడం భూమ్మీద జరిగిన పని కాదు. పైజామా బొందు వదిలేశారు. నేను జీవితంలో తిన్న దెబ్బల్లో అంత పనికొచ్చినవి లేవు.

పాక పక్కన ఎడ్లబండి ఉంది. దాని చక్రానికి ఒక మనిషిని కట్టేశారు. చొక్కా ఖాకీది, ముఖం ఏ రంగుదో చెప్పడం కష్టం. ఒక చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. ఎండాకాలంలో ఈ ఊరి ఇళ్ళు కాలబెట్టింది వాడేనట. అబద్ధమని నేను అనలేను. అట్లాంటివాళ్ళే మా గడ్డివాము దగ్గరికీ వచ్చారు.

గుంపు పెద్ద తన కర్ర చాచా చేతికిచ్చాడు. "మామా, నీ చెయ్యి మస్తుగున్నది. వీనికి గూడ ఒకటియ్యి. ఊరోళ్ళమంత ఇచ్చినం."

"నాకెందుకన్నా, పేషెంటు ఉన్నది."

"ఒక్కటే గద. ఏంది, ఎనకాడుతున్నవ్?"

నవ్వులు ఆగిపోయాయి. చాచా కర్ర ఎత్తి ఆ మనిషి మోకాలి కింద కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ మనిషి వాయని కన్ను తెరిచి, కింది నుంచి చాచా ముఖంలోకి చూశాడు. చెమటకు బొట్టు కారి, దాని కింది నల్లకాయ బయటపడి ఉంది. గుంపుకు అది కుంకుమ మరకే. ఆ మచ్చ ఎట్లా పడుతుందో ఆ మనిషికి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, చక్రానికి ఇంకో పక్క చోటుంది.

కట్టేసి ఉన్న ఆయన కన్ను మూసుకుని ముఖం చక్రం వైపు తిప్పుకున్నాడు.

తర్వాత ఇరవై మందీ కలిసి మా బండిని ఎత్తు మీదికి తోశారు. నా ముక్కు పగలగొట్టినవాడు అందరికంటే గట్టిగా తోసి, "జర పైలం అక్కా," అని చెప్పాడు.

అక్కకు మంచం దొరికింది. పదకొండు నెలలు ఆ గుట్ట గాలి పీల్చి, తన కాళ్ళమీద తను ఇంటికొచ్చి, నన్ను ముప్ఫై ఏళ్ళపాటు తిట్టింది. తనను చేర్చిన ఆ సాయంత్రం మాత్రం చాచా దవాఖాన కొళాయి కింద చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు. అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే పొయ్యి రాజేస్తూ నేను, "శంకర్‌పల్లి మీదికెల్లి పోదాం చాచా, తొవ్వ ఉన్నది," అన్నాను.

"ఉన్నది. గా మనిషి గా తొవ్వల లేడు."

కల్లుపాక దగ్గర ఎడ్లబండి ఉంది, చక్రానికి తాడు ఉంది, మనిషి లేడు. ఒక ముసలామె కుండలు కడుగుతోంది. చాచా బండి ఆపి దిగాడు. నొసట అక్క నిన్న పెట్టిన బొట్టు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"నిన్నటి మనిషి యాడున్నడవ్వా?"

"పొద్దుమూకంగ సచ్చిండు. గాడ కప్పిపెట్టిండ్రు," అని పాక వెనక తుమ్మచెట్టు కిందికి చెయ్యి చూపింది. మట్టి పచ్చిగా ఉంది. కుప్ప తూర్పు పడమరలుగా పరుచుకుని ఉంది. చాచా దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"గడ్డపార ఉన్నదా అవ్వా?"

"ఎందుకు?"

నేను అబద్ధం వెతుక్కుంటున్నాను. పశువు చచ్చిందనో, చక్రం దిగబడిందనో. ఆయన నాకంత వ్యవధి ఇవ్వలేదు.

"మనిషిని తిప్పి పెట్టాలె. మావోళ్ళం ఉత్తరం దిక్కు తల పెడ్తం."

ముసలామె కుండ కింద పెట్టింది. ఆయన నొసలు చూసింది, పంచె చూసింది, మళ్ళీ నొసలు చూసింది. బండి పొయ్యి ఆరిపోతోంది. పారిపోదామన్నా పది నిమిషాలు పిడి తిప్పాలి. ఊరి వైపు నుంచి ఎవరో ఎడ్లను అదిలిస్తున్న కేక వినిపించింది.

ఆమె లేచి పాకలోకి పోయింది. గడ్డపార, దాంతోపాటు అడగని పార కూడా తెచ్చి మా ముందు పడేసింది.

"మా పిలగాండ్లు సేన్లకు పోయిండ్రు. అంబటిపొద్దుకు తినెతందుకు వస్తరు," అంది. "గంతల, ఆళ్ళు రాకముందె, కానియ్యిండ్రి."

నేను షేర్వాణీ విప్పి పార అందుకున్నాను. రాత్రి వాన పడింది కాబట్టి నేల మెత్తగానే తెగింది.